ఉక్కు పెట్టె, రేకు పెట్టె

పాత రాగి బిందె ఒకటి కరిగించబోయి, దాని మూత లోపలివైపు చెక్కిన బొమ్మను చూసిన నాటి నుంచి మౌనాచారికి నిద్ర పట్టలేదు. కొండ, కొండ నడుమ జలధార, ధార పక్కన గుహ, గుహలో మూడు కుండలు. నంద్యాలలో లేత్ మిషన్ మీద బతికే ఆ మనిషి చివరికి మిషన్ ఆపేసి, బావమరిదిని వెంటబెట్టుకుని నల్లమలకు బయలుదేరాడు. బావమరిది కాళప్ప పటాలంలో పనిచేసి వచ్చి, ఇప్పుడు అడవి కంట్రాక్టరు దగ్గర తుపాకితో కాపలా ఉంటున్నాడు. “మీరిద్దరూ పోతే నాకు మిగిలేదెవరు?” అంటూ చంటిబిడ్డను అత్తగారి ఒళ్లో పెట్టి ఓబుళమ్మ కూడా వెంట నడిచింది. ఒకడు కట్టుకున్నవాడు, ఒకడు తోడబుట్టినవాడు. ఇంట్లో కూర్చుంటే మనసు నిలిచేట్టు లేదు ఆమెకు.

బొమ్మలోని జలధారను గుర్తుపట్టి దారి చూపేవాడు ఈదన్న అనే చెంచు పెద్దాయన. వెదురు పొదల మధ్య, రాలిన ఇప్పపూల తీపి వాసనలో వాళ్లు నెమ్మదిగా ఎక్కుతున్నారు. దారి పొడుగునా బావా బావమరుదుల వాదం ఒక్కటే. తుపాకిలో తూటాలు పేర్చే పెట్టె గురించి.

మౌనాచారి కాళప్ప తుపాకి కోసం కొత్త పెట్టె ఒకటి పోయిన ఎండాకాలమంతా కూర్చుని ఒకే ఉక్కు దిమ్మలోంచి తొలిచాడు. అతుకు లేదు, వంకర లేదు. అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ ఉక్కు దిమ్మ కోసమే ఓబుళమ్మ చెవి కమ్మలు షావుకారి ఇంటికి నడిచాయి.

“చేత్తో పట్టుకుని చూడు బావా! తూటా ఇటు కదలదు, అటు కదలదు. నీ పటాలపు పెట్టె ఊపితే చాలు, గలగలమంటుంది.”

“అననీ. బిడ్డ చేతిలో గిలక అనుకుంటా,” అని నవ్వాడు కాళప్ప. “రేకు మడిచి చేసిందే గానీ, వానలో, బురదలో నాకు అన్నం పెట్టింది. నీది పెండ్లికొడుకు మాదిరి ఉండాది. అడివికి పెండ్లికొడుకెందుకు బావా?”

“రేకు కిందపడితే మూతి వంగుతుంది.”

“వంగితే రాయి పెట్టి కొడతా, సక్కనైతాది. నీది వంగదు, సరే. మరి మట్టి సొరబడితే యాడికి పోవాల?”

మౌనాచారి ముఖం చిన్నబోయింది. ఓబుళమ్మకు భర్త మీద జాలి కలిగింది, కమ్మలు లేని చెవుల మీదికి చెయ్యీ పోయింది.

ఎండ నెత్తికెక్కే వేళకు గుహ దొరికింది. బొమ్మలో ఉన్నట్టే జలధార, దాని పక్కన నల్లని నోరు. కాని అది నిట్టనిలువు కొండ మధ్యలో ఉంది. పైనున్న చట్టు బండ మీది నుంచి తాడుతో దిగాలి. ఈదన్న తేనె తీసేటప్పుడు వాడే నారతాడు భుజం మీంచి దించి, కాళప్ప చేతికే ఇచ్చాడు.

“దిగే మనిషి పెండ్లాం తోడబుట్టినోడే తాడు పట్టాల. మాలో అదే కట్టుబాటు. సెల్లెలి బొట్టు ఆని సేతిలో ఉంటాది, ఇడిసిపెట్టడు. ఇంకోడు ముట్టగూడదు, నేను గూడా,” అని చెప్పి, సొరబుర్రతో నీళ్లకు దిగిపోయాడు.

నడుముకు తాడు కట్టుకుంటూ మౌనాచారి బతిమాలాడు: “నా ప్రాణం ఎట్లాగూ నీ చేతుల్లోనే ఉంది బావా. తుపాకికి నా పెట్టె తగిలించు. ఆ ఒక్క మాట విను.”

దిగబోయే మనిషి మాట కాదనలేక కాళప్ప ఉక్కు పెట్టెనే తగిలించి, తూటా ఒకటి గొట్టంలోకి ఎక్కించి, తుపాకిని పక్కన ఎర్రమట్టి మీద పెట్టాడు. కాళ్లు బండకు తన్నిపెట్టి తాడు వదలడం మొదలుపెట్టాడు. తాడు రాపిడికి మన్ను సన్నగా లేచి అంతటా పరుచుకుంటోంది. తాడు కొసన తన సంసారమంతా వేలాడుతున్నట్టు ఓబుళమ్మ కళ్లార్పకుండా చూసింది. తాడు వదులయింది. లోపలి నుంచి అరుపు వచ్చింది:

“ఉన్నాయి! కుండలు ఉన్నాయి! ఒకదాన్ని తాడుకు కడుతున్నా, లాగు!”

కాళప్ప లాగాడు. కుండ బరువుకు తాడు బండ అంచును ఒరుసుకుంటూ వచ్చింది. అప్పుడే వెనక పొద కదిలింది. ఇప్పపూలు తిని మత్తెక్కిన ఎలుగుబంటి గుర్రుమంటూ బయటికొచ్చి, మనుషుల్ని చూసి రెండుకాళ్ల మీద లేచింది.

కాళప్ప తాడు వదిలితే కుండతోపాటు తాడూ లోయలోకి పోతుంది. గుహలో మౌనాచారి ఉండిపోతాడు.

“ఓబులా! తుపాకి తీసుకో!”

“నాకు రాదన్నా!”

“నేను సెప్తా! భుజానికి ఆనించు. గట్టిగా... దాని తలకి పైన ఉండే బండకు కొట్టు. నొక్కు!”

కొండ దద్దరిల్లింది. భుజం ఊడినంత పనయింది. ఎలుగు జంకింది, వెళ్లలేదు. ముందుకే అడుగేసింది.

“పక్కనుండే పిడి పైకెత్తి ఎనక్కి లాగు! ముందుకి తోయ్! నొక్కు!”

టక్కుమంది, అంతే. తూటా పైకి రాలేదు. తుప్పు పట్టకూడదని పొద్దున్నే మౌనాచారి పెట్టెకు ఆముదం పూశాడు. ఆముదంలో ఎర్రమన్ను కలిసి ముద్దయి, వెంట్రుక సందు కూడా లేని ఆ పెట్టెలో తూటాలు బిగుసుకుపోయాయి.

“కింద మీట నొక్కు, పెట్టె ఊడొస్తాది. నా నడుం సంచిలో రేకుది ఉండాది. బెదరొద్దు తల్లీ, మెల్లిగా!”

ఆమె పెట్టె ఊడదీసి, అన్న నడుం సంచిలో చెయ్యి పెట్టింది. గలగలమంటున్న రేకు పెట్టెను దోపింది, పిడి లాగింది, తోసింది, నొక్కింది. ఎలుగు కాళ్ల ముందు రాయి పగిలి పెచ్చులు దాని మూతి మీద చిందాయి. అది గిర్రున తిరిగి, వెదుళ్లు విరుచుకుంటూ వాగువైపు పోయింది.

“బావా! ఎలుగు మళ్లా వస్తాదేమో, కుండ తిరిగి దింపుతాండా! అది ఇప్పేసి నిన్ను కట్టుకో!” అని కాళప్ప అరిచాడు.

దించిన తాడు అట్లాగే వదులుగా వేలాడింది. ఓబుళమ్మ చట్టు అంచున బోర్లా పడుకుని గొంతు చించుకుంది: “ఏమయ్యా! నీకు దండం పెడతా, కట్టుకో!”

తాడు బిగిసింది. మోచేతులు గీరుకుపోయి, గబ్బిలాల కంపుతో మౌనాచారి పైకొచ్చి, నడుము తాడు విప్పుకుని వెల్లకిలా పడ్డాడు. సంగతి విని, ఉక్కు పెట్టెను విప్పి వేలితో ముద్దను తీసి చూశాడు.

“మట్టికి చోటియ్యలేదు నేను,” అన్నాడు.

“గురి చూసి కొట్టే మైదానంలో దీనికి సాటి లేదు బావా. ఆడ పందెం నీదే. ఈడ మాత్రం అంత కరీదు దండగే,” అన్నాడు కాళప్ప, ఎగతాళి లేకుండా.

నీళ్లతో వచ్చిన ఈదన్న తాడు తడిమి చూశాడు. అంచు రాపిడికి పాయ తెగి నార రేగింది. “ఇంగొక మనిషిని మోసినా మోస్తాది. మోయకున్నా మోయదు.”

“ఒక్కసారి,” అని లేచాడు మౌనాచారి. “బంగారమే ఓబులూ. నా చేత్తో ముట్టుకున్నా. ఒక్కసారి దిగొస్తా.”

కాళప్ప చెల్లెలివైపు చూశాడు. “నువ్వు పట్టమంటే పడతా.”

ఆమె భర్త చేతుల మీద కారుతున్న నెత్తురు చూసింది. “పట్టొద్దన్నా,” అంది.

కాళప్ప తాడు కొసను అంచు కిందికి జార్చి గుప్పిళ్లు విప్పాడు. తాడు పాములా జారి అంచు దాటింది. అది కింద చెట్ల మీద పడిన చప్పుడు వినిపించేదాకా మౌనాచారి కదలలేదు. తర్వాత వంగి ఉక్కు పెట్టెను సంచి అడుగున వేశాడు. తుపాకికి రేకు పెట్టె సరిగ్గా కూర్చుందో లేదో తన చేత్తో తట్టి చూసి, పేలిన తూటా స్థానంలో మరొకటి నింపాడు.

“పాండి, పొద్దుండగానే దిగుదాం,” అన్నాడు.