లేని మొగుడి మీద ఫిర్యాదులు

కళ్ళజోళ్ళ షాపులో చేరిన మొదటి రోజు ఉదయం మేనేజరు ఆమెకు ఒక తెల్లకోటు, ఒక తాళంచెవి, ఒక మొగుడు ఇచ్చాడు. మొదటి రెండింటికీ రిజిస్టర్లో సంతకం తీసుకున్నాడు. మూడోది ఇచ్చిన సంగతి ఆయనకే తెలియదు.

జరిగిందేమిటంటే, ఆ షాపుకొక వింత నియమం ఉంది. బ్యాడ్జి మీద పేరుండదు. ఒకప్పుడు ఒకే పేరుగల ముగ్గురు అక్కడ పనిచేసి, ఒకరికి చెప్పిన పని ఇంకొకరు చేసి, నానా రభసా అయ్యాక యజమాని పేర్లే తీసిపారేశాడట. ఇత్తడి రేకు మీద పైన శ్రీ, శ్రీమతి, కుమారి, ఈ మూడింట్లో ఒకటి. కింద చేసే పని. అంతే. అందుకే అక్కడ ఫ్రేములమ్మే ఆవిడ ఫ్రేములక్క, ఫోనెత్తే ఆవిడ ఫోన్ పిన్ని. చూపు పరీక్ష చేయడానికొచ్చిన మన పిల్ల కూడా గంటలోపే టెస్టింగమ్మాయి అయిపోయింది.

మేనేజరు సొరుగంతా కెలికి, కుమారి రేకులు అయిపోయాయనీ, రెండు వారాల్లో కొత్తవి వస్తాయనీ, అప్పటిదాకా దీంతో సర్దుకోమనీ శ్రీమతి రేకు చేతిలో పెట్టాడు. ఆమె ససేమిరా అంది. జరగని పెళ్ళిని కోటుకి తగిలించుకుని తిరగడమేమిటని వాదించింది. రేకు లేకుండా షాపులో నిలబడడానికి వీల్లేదన్నాడాయన.

"రెండు వారాలేగా అమ్మా. నేను పాతికేళ్ళుగా నెట్టుకొస్తున్నాను పెళ్ళితో," అన్నాడు నీరసంగా.

సరిగ్గా అప్పుడే వెనకగదిలోంచి ఒకతను ఖాళీ టీ కప్పుతో వచ్చాడు. చొక్కా గుండీలు ఒక వరస తప్పి ఉన్నాయి. ఆమెని చూడగానే అతని మొహంమీదికి చక్కటి నవ్వొకటి బయల్దేరింది. సగం దారిలో అతని కళ్ళు రేకుమీద పడ్డాయి. నవ్వు అక్కడే ఆగి, బుద్ధిగా వెనక్కి వెళ్ళిపోయింది. "నమస్కారమండీ," అని పక్కకి తప్పుకున్నాడు.

ఆమె కూడా అతని రేకు చదివింది. శ్రీ. కింద, ఫిట్టర్. అంటే ఫ్రేముల్లో అద్దాలు బిగించే మనిషి. అంతవరకూ తెలిసింది. మిగతాది తెలిస్తే ఒట్టు. పెళ్ళికి ముందూ శ్రీయే, తర్వాతా శ్రీయే, ముగ్గురు పిల్లలు పుట్టాకా శ్రీయే. తన సంగతి మాత్రం ఎదురుపడిన ప్రతివాడూ కోటుమీద చదువుకోవచ్చు. ఇదెక్కడి న్యాయమని ఆమెకు ఒళ్ళు మండింది.

అయితే ఆ మంట సాయంత్రానికి చల్లారింది. కారణముంది. పాత ఉద్యోగంలో కుమారి అని పెట్టుకున్నందుకు ఆమె పడని పాట్లు లేవు. కింది వరసలో అక్షరాలు చదవండి అంటే, అవి సరేగాని సంబంధాలేమైనా చూస్తున్నారా అని అడిగేవాళ్ళు. ఒక పెద్దాయనైతే కుడికన్ను మూసుకుని అక్షరాలు, ఎడమకన్ను మూసుకుని మనవడి గుణగణాలు చదివాడు. ఇక్కడ మొదటి రోజు పదిహేడు మంది వచ్చారు. పదిహేడు మందీ అక్షరాలే చదివి వెళ్ళారు. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో!

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫ్రేములక్క పక్కకి జరిగి చోటిచ్చి, మీ ఆయన ఏం చేస్తాడమ్మాయ్ అని అడిగింది. నిజం చెప్పడానికి అదే మంచి సమయం. కానీ ఫోన్ పిన్ని కూడా డబ్బా మూత పట్టుకుని అలాగే ఆశగా చూస్తోంది. ఇద్దరూ ఇంట్లో మొగుళ్ళతో వేగి వేగి, ఇంకో సంసారి దొరికిందని సంబరపడిపోతున్నారు. మన పిల్లకి నోరు జారింది. ఊళ్ళు తిరిగే ఉద్యోగమంది.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ కొడుకు కూడా కాదు, ఏకంగా మొగుడే.

ఉత్త మొగుడితో వాళ్ళ ఆకలి తీరుతుందా? ఎలా ఉంటాడు, ఏం తింటాడు, కోపమెక్కువా, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని మొదలుపెట్టారు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా. ఆమె కంగారుగా అటూ ఇటూ చూసింది. ఎదురుగా ఫిట్టర్ గది, తలుపు ఓరగా తెరిచి ఉంది. బల్లమీద నాలుగు టీ కప్పులు, నాలుగూ తాగేసినవే.

"తాగిన కప్పు తాగిన చోటే వదిలేస్తాడక్కా," అంది.

ఫ్రేములక్క తృప్తిగా తలాడించింది. మొగుడంటే అలాగే ఉండాలి.

ఆ రోజునుంచి మొగుడు దినదిన ప్రవర్ధమానమయ్యాడు. గుండీలు ఒక వరస తప్పించి పెట్టుకునేవాడు. పనిచేస్తూ కూనిరాగం తీసేవాడు, ఎప్పుడూ ఒకే పాట, అదీ మొదటి లైనే. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని ఇల్లంతా వెతికేవాడు. రాత్రిళ్ళు గురక పెట్టేవాడు. ఆ గురక తప్ప మిగతావన్నీ ఆ ఓరతలుపులోంచి వచ్చినవే. రెండు వారాలన్న కుమారి రేకులు రెండు నెలలకీ రాలేదు. ఆమె అడగడమూ మానేసింది.

వచ్చిన చిక్కల్లా, భోజనాల బల్లకీ ఫిట్టర్ గదికీ మధ్య ఉన్నది ఒట్టి ప్లైవుడ్ చెక్క. అతనికన్నీ వినిపించేవి.

ఒకరోజు అతను అద్దాల పెట్టె ఇవ్వడానికి ఆమె గదికొచ్చి, ఇచ్చేసి కూడా వెళ్ళకుండా నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏమీ అనుకోనంటే ఒకమాట. నాకు సంబంధం లేదు, తెలుసు. కానీ తాగిన కప్పు తీసి కడుక్కోడానికి మీవారికి ఎంతసేపు పడుతుందండీ? మనిషన్నాక కాస్త ఇంగితం ఉండాలి," అన్నాడు. అని, చేతిలో ఉన్న టీ కప్పు ఆమె బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె తలుపేసుకుని, కోటు నోట్లో కుక్కుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది.  అలా నవ్వుతుండగానే, ఈ మనిషంటే తనకిష్టమని తెలిసింది.

ఇష్టం సరే, అతనికి పెళ్ళయిందా? శ్రీ అన్న రేకు ఉలకదు, పలకదు. చివరికి షాపు సిబ్బందికి ఏటా చేసే కళ్ళ పరీక్షలొచ్చాయి. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళలో లైటు కొట్టి, చూపుకేమీ సంబంధం లేని ప్రశ్నలు వేసింది. ఇంట్లో సన్నక్షరాలు ఎవరైనా చదివిపెడతారా అంటే, అమ్మకి నేనే చదివిపెడతానన్నాడు. ఇంకెవరూ లేరా అంటే, కాసేపు ఆలోచించి, పిల్లి ఉందన్నాడు. ఆమె కార్డుమీద 'అంతా బాగుంది' అని రాసి కింద రెండుసార్లు గీత గీసింది.

అయితే తెలుసుకునే దారి తనకి దొరికిందిగాని అతనికి దొరకలేదు. శ్రీమతి అన్న రేకు అతను రోజూ చదువుతున్నాడు, చదివి నాలుగడుగులు దూరం జరుగుతున్నాడు. ఒక సాయంత్రం కుండపోతగా వాన. ఇద్దరూ షాపు వసారాలో చిక్కుకున్నారు. గొడుగు ఒక్కటే, అతనిది. బస్టాపుదాకా కలిసి వెళ్దామని ఆమె అంటే, అతను గొడుగు ఆమె చేతిలో పెట్టి తను వానలోకి దిగాడు. పెళ్ళయిన ఆవిడతో ఒకే గొడుగులో నడిస్తే చూసేవాళ్ళకి బాగుండదట. ఆమె పొడిగా గొడుగులో, అతను పక్కనే ఆరడుగుల దూరంలో ముద్దగా తడుస్తూ, బస్టాపుదాకా వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. చూసేవాళ్ళకి అది మాత్రం చాలా బాగుంది. ఒకాయన బస్సులోంచి తల బయటపెట్టి మరీ చూశాడు.

ఆ రాకాసి రేకుని పీకి అవతల పారేద్దామని ఆమెకు వందసార్లు అనిపించింది. అనిపించిన ప్రతిసారీ ఫ్రేములక్క మొహం గుర్తొచ్చేది. ఆరు నెలలుగా ఆవిడ తన ఇంటి గుట్టంతా వెళ్ళబోసుకుంది, వింటున్నది సాటి సంసారి అని నమ్మి. ఇప్పుడెలా చెప్పడం?

అలా నానుతూ ఉండగా ఒక మధ్యాహ్నం ఫోన్ పిన్ని వార్త తెచ్చింది. ఫిట్టర్ ఇంకో బ్రాంచికి బదిలీ అడిగాడట, మేనేజరు సంతకం కూడా పెట్టేశాడట, ఇవాళే ఆఖరి రోజట. కారణమేమిటంటే, పక్కన ఎవరో ఇల్లాలి కష్టాలు రోజూ వింటూ పనిచేయలేకపోతున్నానని, ఏదో ఒకరోజు వెళ్ళి ఆ మొగుణ్ణి కొట్టేసేలా ఉన్నానని చెప్పాడట.

ఆమె ముద్ద కలపడం ఆపేసింది. ఇతను వెళ్ళిపోతే ఈ చెక్క అవతల రేపు ఇంకెవరో కూర్చుంటారు. ఆ పాట మొదటి లైను ఇక వినిపించదు. అబద్ధం మాత్రం అలాగే ఉంటుంది. తను ఉన్న మనిషిని పోగొట్టుకుని, లేని మొగుడితో ఈ బల్లదగ్గర ముసలిదైపోతుంది. ఆమె చెయ్యి కడుక్కుని నేరుగా అతని గదిలోకి నడిచింది.

అతను పట్టకార్లు సంచిలో సర్దుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"మీకో సంగతి చెప్పాలి. మా ఆయన లేడు," అంది.

అతని చేతిలోని పట్టకారు జారింది. మొహం పాలిపోయింది. "అయ్యో. ఎప్పుడండీ? నిన్న మధ్యాహ్నం కూడా ఉన్నాడే."

"పోలేదు. అసలు పుట్టలేదు."

అతనికి అర్థం కాలేదు. ఆమె మొత్తం చెప్పింది. కుమారి రేకులు అయిపోవడం, పదిహేడు మంది అక్షరాలే చదివి వెళ్ళడం, నోరు జారడం, అన్నీ. అతను చాలాసేపు ఏదో లెక్క కుదరనట్టు చూశాడు.

"మరి ఆ టీ కప్పులు?"

ఆమె అతని బల్లవైపు చూపించింది. ఇవాళ అయిదున్నాయి.

"ఒకే పాట పాడటం?"

"మొదటి లైనే. మీరే."

అతను మెల్లగా తల దించి తన గుండీలు చూసుకున్నాడు. చెయ్యి నుదుటిమీదికి వెళ్ళింది, కళ్ళజోడు తగిలింది. కూలబడ్డాడు. "గురక?" అన్నాడు పీలగా.

"అదొక్కటీ కల్పించాను."

"లేదండీ, అదీ నిజమే. మా అమ్మని అడగండి." కాసేపటికి మళ్ళీ, "అంటే ఆరు నెలలుగా నన్ను నేనే తిట్టుకున్నానా?"

"బాగా తిట్టారు."

అతను నవ్వలేదు. ఆమెకు భయమేసింది. ఇంక దాచుకోవడానికేముంది, అనేసింది. "తప్పు నాదే. మొదట్లో ఆ రేకు హాయిగా ఉండేది. మిమ్మల్ని చూడ్డం మొదలయ్యాక కుత్తుక మీద కత్తిలా తయారైంది, తీయడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు మీరు వెళ్ళిపోతుంటే పరువు పోయినా పర్లేదనిపిస్తోంది. మీరంటే నాకిష్టం. కప్పులతో సహా."

అతను పట్టకారు తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "మీరెన్ని ఫిర్యాదులు చెప్పినా చివర్లో నవ్వేవారు. ఆ నవ్వు వినడానికే భోజనాల టైములో మెషిన్ ఆపేసేవాణ్ణి. వెధవకి ఎంత అదృష్టమో అని కుళ్ళిపోయేవాణ్ణి," అన్నాడు. అంటుండగానే ఆ వెధవ ఎవరో తట్టినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

ప్లైవుడ్ చెక్క రెండువైపులకీ పనిచేస్తుంది కదా. అవతల స్టీలు డబ్బా మూత గట్టిగా పడిన చప్పుడైంది. ఫ్రేములక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనకాల ఫోన్ పిన్ని.

మన పిల్ల తేలు కుట్టిన దొంగలా తల దించుకుంది. తప్పయింది అక్కా అంది.  ఫ్రేములక్క గొంతు కొంచెం వణికింది.

"నా మొగుడి సంగతులు నా సొంత చెల్లెలిక్కూడా చెప్పలేదు నేను. నీకు చెప్పాను."

"ఎవరికీ చెప్పలేదక్కా. చెప్పను."

ఫ్రేములక్క ఆమెని ఎగాదిగా చూసింది, అతన్నీ చూసింది, బల్లమీది అయిదు కప్పులూ చూసింది. అన్నీ సరిపోయినట్టే ఉన్నాయి. రేపటినుంచి భోజనాల దగ్గర వినడమే తప్ప చెప్పడం లేదని శిక్ష వేసింది. చెప్పాలని మరీ దురదగా ఉంటే, ఇకమీదట నిజం ఫిర్యాదులే తెచ్చుకోమంది. అతని వైపు తిరిగి, ఆ కప్పులు ఇప్పుడే కడగమంది. అతను కిక్కురుమనకుండా అయిదూ పట్టుకుని లేచాడు. ఇద్దరు ఆడవాళ్ళూ వెళ్ళిపోయారు.

సంతకమైన బదిలీ ఎలాగూ ఆగదు. అయినా ఆ బ్రాంచి రెండు స్టాపుల దూరమే. ఆ సంగతి అతను మూడుసార్లు చెప్పాడు, కప్పులు మోస్తూనే. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, అయితే ఆ పెళ్ళేదో మనం నిజంగానే చేసుకుంటే బాగుంటుందేమోనండీ అన్నాడు.

"ఇప్పుడే వద్దు," అందామె. "ఆరు నెలలుగా ఒక్కదాన్నే సంసారం ఈదుకొచ్చాను, అలసిపోయాను. కొన్నాళ్ళు పెళ్ళికాని పిల్లలా హాయిగా తిరగాలనుంది."

అతని మొహం వాడిపోయింది. అయిదు కప్పులూ చేతిలో గలగలమన్నాయి.

"మీతో," అంది.