లీటరుకి తొమ్మిదే

ఆదివారం పొద్దున్న వీరరాఘవులు గారు కాఫీ కూడా తాగకుండా వెళ్ళి బండి మీటరు చూసి వచ్చారు. ఆయనకది సంధ్యావందనం లాంటిది. హిందీ మాట్లాడే ఊళ్ళో, ఇంజిన్ల కర్మాగారంలో, టెస్టింగు విభాగంలో ముప్ఫై మూడేళ్ళు చేసిన మనిషి. లీటరు డీజిల్ పోసి ఇంజిను ఎంత లాగిందో కొలవడమే ఉద్యోగం. రిటైరయ్యాక భార్యను దల్మా కొండ మీద తిప్పుదామని, నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి కొన్నారు. ఒక్కసారి వెళ్ళారు, అంతే. ఆ తర్వాతి నెలలోనే లలితకుమారి గారికి పక్షవాతం వచ్చింది. కొండలెక్కాల్సిన బండి కాస్తా సోనారిలోని స్కూలు నుంచి మనవరాలు లాస్యను బిర్సానగర్‌లోని ఇంటికి తెచ్చే బండి అయిపోయింది. నడిపేది కోడలు బిందుప్రియ.

"తొమ్మిదే!" అన్నారాయన లోపలికొస్తూ. "లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు. టైర్లలో గాలి చూశాను, ఫిల్టరు మార్చాను, హరికిరణ్ గేరేజీలో ఇంజిను విప్పించాను. ఏటిది? నా బండి నాకే ఎదురు తిరుగుతాదేటి?"

"బేచ్ దో నాన్నా, అమ్మేద్దాం," అన్నాడు కొడుకు భానుప్రకాష్, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే. "దీన్ని మేపలేం. బండి చూడ్డానికి నీలకంఠం గారు పదింటికి వత్తానన్నారు, నచ్చితే ఇయాళే పట్టుకెళ్తారు. బిందూకి స్కూటీ చాలు."

వంటింట్లో దోసె తిరగేస్తున్న బిందుప్రియ చెయ్యి ఆగిపోయింది. స్కూటీకి తలుపులుండవు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ ఇల్లు ఒకసారి చూడండి. హాల్లో అత్తగారి మంచం. ముందుగదిలో మామగారి కుర్చీ. పడకగదిలో ఇంటినుంచే ఉద్యోగం చేసే భర్త, పొద్దస్తమానం అతని మీటింగులు. వంటింటికి తలుపే లేదు. పెద్దావిడ పిలిస్తే రాత్రిళ్ళు చప్పున లేవాలని పడకగదికి గడియ కూడా తీయించేశారు. స్నానాల గదిలో ఉన్నా సరే, "బిందూ!" అని కేక. వెళితే "ఏటీ నేదులే" అంటుంది ఆవిడ. రోజుకి నలభైసార్లు. అత్తగారు మంచి మనిషే. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే అసలు బాధ. కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకరు పాపం.

అందుకే స్కూలు రెండింటికి వదుల్తారంటే, మందుల షాపులో లైనని మామగారితో చెప్పి పన్నెండున్నరకే బయల్దేరేది. సోనారిలో విమానాలు దిగే మైదానం గోడ పక్కన బండి ఆపి, అద్దాలన్నీ ఎత్తేసి, ఫోను కట్టేసి, ఇంజిను ఆపకుండా ఏసీలో కూర్చునేది. మేనెల ఎండకి ఇంజిను ఆపితే ఉడికిపోవాల్సిందే. ఏం చేసేది? ఏమీ లేదు. ఒక్కోరోజు ఏడ్చేది, ఒక్కోరోజు అదీ లేదు. గంటసేపు ఎవరూ పిలవరు. ఇప్పుడు ఆ గంట కూడా అమ్ముడుపోతోంది.

దోసెల పళ్ళెం తెచ్చి పెట్టి, "అమ్మకండి," అంది మెల్లగా.

"ఎందుకూ? క్యా ఫాయిదా?" అన్నాడు భానుప్రకాష్.

చెబితే నవ్వుతారు, చెప్పకపోతే బండి పోతుంది.

"ఉండరా," అన్నారు వీరరాఘవులు గారు. "నిన్న నాను పక్కన కూకుంటే పధ్నాలుగు ఇచ్చింది. బిందమ్మే నడిపింది, అదే దారి. అంటే బండిలో గడ్‌బడ్ నేదు."

"మరి డీజిల్ ఎవడు తాగుతన్నాడు? బిందూ, బండి ఎవరికైనా ఇత్తన్నావా? ఎవరైనా పైపేసి తోడుకుంటన్నారా?"

"కిలోమీటర్లు సరిగ్గానే ఉన్నాయి," ఆయన నుదురు రుద్దుకున్నారు. "సగటు వేగం మాత్రం గంటకి పదమూడు చూపిత్తంది. సైకిల్ మీదెళ్ళినా అంతకన్నా..." ఠక్కున ఆగిపోయారు. ముప్ఫై మూడేళ్ళ అనుభవం ఊరికే పోతుందా! కోడలి వైపు తిరిగారు. "బండి కదలకుండానే ఇంజిను తిరిగింది. రోజూ ఓ గంట. ఎక్కడమ్మా?"

బిందుప్రియ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంక దాచి లాభం లేదు.

"విమానాల గోడ దగ్గర, మావయ్యా. ఏసీ వేసుకుని కూర్చుంటన్నాను."

"ఎవరితో?" భానుప్రకాష్ లాప్‌టాప్ మూసేశాడు.

ఆ మాటకి ఆమె మొహం ఎర్రబడింది. రెండేళ్ళుగా గొంతులో నొక్కిపెట్టినదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"ఎవరితోనూ కాదు! ఎవరూ లేకుండా కూర్చుంటన్నాను! అందుకే వెళ్తన్నాను!"

"ఊరికే డీజిల్ తగలేసుకుంటూనా? కూర్చోడమే అయితే ఇంట్లో కూర్చోవచ్చు కదా, యార్!"

"ఇంట్లో ఎక్కడండీ? ఏ గదిలో? చూపించండి, ఇప్పుడే వెళ్ళి కూర్చుంటాను."

భానుప్రకాష్ చెయ్యి ఎత్తాడు, చూపిద్దామనే. హాలు వైపు చూశాడు, పడకగది వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు. చెయ్యి దించేసుకున్నాడు. రెండేళ్ళలో ఆ ఇంటిని పెళ్ళాం కళ్ళతో చూడటం అదే మొదటిసారి. సిగ్గుతో తల దిగిపోయింది.

అంతలో అతని ఫోను మోగింది. నీలకంఠం గారు, వీధి మలుపు దాకా వచ్చేశారట.

"బండి అమ్మటం నేదని చెప్పు," అన్నారు వీరరాఘవులు గారు.

"నాన్నా, డీజిల్ మాత్రం..."

"నోర్ముయ్ రా! ఎంత గట్టి ఇంజిన్నైనా గంటలు చూసి ఆపేవోళ్ళం మేము. ఈ పిల్లని రెండేళ్ళ నుంచి ఆపింది నేదు. నాకు మీటర్లు చదవడమొచ్చు, ఇంట్లో మనిషి మొహం చదవడం రానేదు."

"బిందూ..." హాల్లోంచి లలితకుమారి గారు పిలిచారు. అలవాటు కొద్దీ పరుగెత్తింది బిందుప్రియ. ఆవిడ కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. మాటలు ముద్దముద్దగా, కూడదీసుకుని వచ్చాయి.

"అన్నీ ఇన్నాను. నీల్లకీ, దుప్పటికీ కాదే నాను పిలిసేది. ఉన్నావో, ఎల్లిపోనావో అని. నువ్వు గడప దాటితే నాకు గుండె ఆగిపోతాది. నువ్వు నాకు సెప్పకుండా ఎల్తావు కదా."

బిందుప్రియ మంచం పట్టెకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో ఏ పిలుపు విని పారిపోతోందో, ఆ పిలుపులో ఉన్నది భయమని ఆమెకి తట్టనే లేదు. కదలలేని మనిషికి కాపలా కాస్తున్నాననుకుంది తప్ప, ఆ మనిషీ తనలాగే నాలుగ్గోడల మధ్య చిక్కుకుందని అనుకోలేదు.

"ఎల్లవే. రోజూ ఎల్లు," పెద్దావిడ పనిచేసే ఎడమ చేత్తో కోడలి జుట్టు నిమిరింది. "సెప్పి ఎల్లు, సాలు."

మర్నాడు పన్నెండింటికల్లా భానుప్రకాష్ మీటింగు వాయిదా వేసుకుని, కుర్చీ తెచ్చి తల్లి మంచం పక్కన వేసుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలీక మంచినీళ్ళ గ్లాసు ఇటు తీసి అటు పెడుతున్నాడు. బిందుప్రియ చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మంచం దగ్గర వంగింది. మందుల సాకు చెప్పలేదు, లైను సాకూ చెప్పలేదు.

"గంటసేపు ఒక్కదాన్నీ కూర్చుని వత్తానత్తయ్యా."

"ఎల్లిరా అమ్మా," అంది లలితకుమారి. బండి గేటు దాటి, ఆ చప్పుడు వీధి చివర కలిసిపోయినా ఆవిడ ఎవరినీ పిలవలేదు.