బ్యాడ్జర్ క్రీక్ బడిలో రెండో విద్యార్థి

మెల్విన్ క్రోటీ టోపీ తీయడం కూడా మరచిపోయి కుర్చీలో కూలబడ్డాడు. రాష్ట్ర విద్యాశాఖలో ఇరవై రెండేళ్లుగా అంకెలు కూడుతున్న మనిషి. ఆ అక్టోబరు ఉదయం మడతపెట్టిన ఒక కాగితంతో వచ్చాడు.

“ప్రూయిట్ గారూ, నా పుస్తకంలో దయ్యం దూరిందండీ.”

డిటెక్టివ్ ఆగస్టా ప్రూయిట్ తన కాఫీ కప్పు ఆయన ముందుకు జరిపింది. ఆమె సహాయకుడు నోలన్ నోటుబుక్కు తెరిచాడు.

క్రోటీ విప్పింది ఏటా అచ్చయ్యే రాష్ట్ర బడుల గణాంకాల పుస్తకంలోని ఒక పుట. బడులు 1,214. విద్యార్థులు 1,38,406. సగటున బడికి 114 మంది. బ్యాడ్జర్ క్రీక్ వరసలో మాత్రం ఇద్దరే. పేర్లు లేవు. ఒకరికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మరొకరికి పదిహేడేళ్లు, ఒకటో తరగతి.

“పదిహేడేళ్లవాడికి ఒకటో తరగతేంటండీ? ఆ తొమ్మిదేళ్ల పిల్ల థీయా. వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే, చుట్టూ పన్నెండు మైళ్లలో ఇంకెవరూ పిల్లలే లేరన్నాడు. టీచరేమో ‘ఇద్దరూ రోజూ వస్తున్నారు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. లేని పిల్లాణ్ణి రాసిందా, ఉద్యోగం ఊడుతుంది. ఉన్నవాణ్ణి ఎవరైనా దాస్తున్నారా, అది ఇంకా ఘోరం. ఒక్కరే మిగిలిన బడిని మూసెయ్యాలి. శుక్రవారం సాయంత్రం పుస్తకం అచ్చుకెళ్తుంది.”

“ఇది టీచర్ పంపిన కాగితమేనా?”

“కాదు, సాపు ప్రతి. పొరపాట్లు మేమే దిద్ది ఎక్కిస్తాం.”

“అసలు కాగితం వెతికి పట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం బడికి రండి,” అంది ఆగస్టా.

బుధవారం వాళ్లు బ్యాడ్జర్ క్రీక్ చేరేసరికి బడి అప్పుడే వదిలారు. చుట్టూ కోసేసిన గోధుమ మళ్లు, గాలి. కంటికి ఆనినంత మేరా ఒకే ఒక్క ఇల్లు, అరమైలు దూరంలో. ఇక్కడ పిల్లలు పెరగడం ఎంత కష్టమో అనుకున్నాడు నోలన్. అతను పెరిగింది కూడా ఇలాంటి చోటే.

హాజరు పట్టీ అడగ్గానే టీచర్ లెనోర్ హాగెన్ దాన్ని సొరుగులో పెట్టేసింది. “చూపించలేనండి. ఒకరికి మాటిచ్చాను.”

ఆగస్టా పోట్లాడలేదు. బల్ల మీద, రోజూ బడి ముందు ఎగరేసే జెండా ముక్కోణంగా, అంచుకు అంచు కలిపి మడిచి ఉంది. “ఎంత బాగా మడిచారో! ఎవరమ్మా, టీచరూ నువ్వూనా?” అని ఇంకా అక్కడే ఉన్న థీయాను అడిగింది.

“టీచర్ గంట కొడుతుంది కదా! మేమే మడుస్తాం,” అంది ఆ పిల్ల గర్వంగా.

“థీయా!” అంది టీచర్. పిల్ల నోరు మూసుకుంది.

గోడకు థీయా కోటు తగిలించిన మేకు నోలన్ నడుము ఎత్తులో ఉంది. ఖాళీగా ఉన్న రెండో మేకు అతని తలకంటే ఎత్తులో ఉంది.

అరమైలు దూరంలోని ఇంట్లో ఓర్విల్ స్ట్రాండ్ అనే ముసలాయన ఒక్కడే ఉంటున్నాడు. భార్య పోయి ఏడేళ్లయింది. ఆగస్టా తన కార్డు ఇస్తే తిప్పి తిప్పి చూసి, “నాకు అక్షరం ముక్క రాదమ్మా, నువ్వే చెప్పు,” అన్నాడు. కిటికీ దగ్గర దుర్భిణి ఉంది. గోడ మీద ఈ ఏటి క్యాలెండరు గళ్ల నిండా పెన్సిలు రాతలు: గాలి, మంచు, జెండా లేచింది, జెండా లేవలేదు.

వాళ్లు లేవబోయినప్పుడల్లా ఆయన కాఫీ పోస్తూనే ఉన్నాడు. “ఇంకొక్క కప్పు. అంత తొందరేముంది?” నాలుగో కప్పుకు నోలన్‌కు కడుపు నిండిపోయింది. అయినా వద్దనలేకపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం బడిలో టీచర్, థీయా, స్ట్రాండ్, క్రోటీ చిన్న బల్లల వెనుక ఇరుకుగా కూర్చున్నారు. ఆగస్టా నల్లబల్ల ముందు నిలబడింది.

“రెండో విద్యార్థి దయ్యం కాదు. ఆ జెండాను ఇంత బిగువుగా మడవాలంటే రెండు జతల చేతులు కావాలి. టీచర్ చేతుల్లో గంట తాడుంది. మరి థీయా చెప్పిన ‘మేము’ ఎవరు? ఆరడుగుల ఎత్తున కోటు తగిలించేవాడు. క్రోటీ గారూ, అసలు కాగితంలో వయసెంత ఉంది?”

క్రోటీ కాగితం విప్పాడు. “డెబ్భై ఒకటి. బడిపిల్లాడికి డెబ్భై ఒకటేంటి, అంకెలు తారుమారయ్యాయనుకుని నేనే పదిహేడు చేశాను.”

“ఈ తాత చదువు నేర్పమని వచ్చాడు. సిగ్గుగా ఉంది, ఎవరికీ చెప్పొద్దన్నాడు. టీచర్ ఉన్న వయసే రాసి పంపింది, అబద్ధమాడలేదు. అబద్ధమాడింది మీరు, స్ట్రాండ్ గారూ. చదువు రానివాడి క్యాలెండరులో అన్ని రాతలెక్కడివి?”

టీచర్ గిరుక్కున తిరిగింది. “మీకు చదవడం వచ్చా? నెల రోజులు మీ చేత అక్షరాలు దిద్దించానే!”

“ఓపిగ్గా దిద్దించావమ్మా.” ముసలాయన తల దించుకున్నాడు. “ఈ వేసవిలో బడికొచ్చే నెల్సన్ పిల్లలు ఊరు మారిపోయారు. ఒక్కరే మిగిలితే మూసేస్తారని పేపర్లో చదివాను. పొద్దున్నే ఆ జెండా పైకి లేస్తేనే, ఇంకో మనిషి బతికున్నాడని నాకు తెలిసేది. అది కూడా పోతే నేనేం చూడను?”

క్రోటీ కళ్లజోడు తుడుచుకున్నాడు. “ఇరవై ఒకటి దాటినవాళ్లను లెక్కలో వెయ్యకూడదండీ. నిబంధన. హాగెన్ గారూ, మీ మీద ఏ మచ్చా లేదని నేనే రాసిస్తాను. బడిని మాత్రం నేను కాపాడలేను.” ఆయన కలం తీసి సాపు ప్రతిలో రెండును ఒకటి చేశాడు. ఆ ఒక్క గీత గీయడానికి చాలాసేపు పట్టింది.

“అంటే చదువు కోసం నేను టౌన్లో ఎవరింట్లోనో ఉండాలా?” అంది థీయా.

“జూన్‌లో ఈ ఏడాది చదువు ముగిశాక, అమ్మా,” అన్నాడు క్రోటీ.

బడి వదిలే వేళయింది. టీచర్ వెళ్లి గంట తాడు పట్టుకుంది. థీయా జెండా దించి ఒక కొస పట్టుకుని గుమ్మం వైపు చూసింది. స్ట్రాండ్ అక్కడే ఆగిపోయాడు.

“రా తాతా, నేల మీద పడుతుంది,” అంది.

ఆయన వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

ఆ ఏడాది గణాంకాల పుస్తకంలో బ్యాడ్జర్ క్రీక్ వరసలో విద్యార్థులు 1 అనే ఉంది. జూన్ దాకా ఆ జెండాను రోజూ ఇద్దరు మడిచారు.