ఒకే సీటుకి ఎనభై మంది

పరుగెడుతున్నాడు.

స్టేడియం లోపల పాట మొదలైపోయింది. బయట నాలుగో గేటు ముందు జనం ఇసుకేస్తే రాలనట్టున్నారు. ఆ గుంపులోనే ఎక్కడో ఇరుక్కుపోయి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మెషీన్ ఎర్ర లైటు చూపిస్తోంది. ఈ టికెట్ మీద ఇందాకే ఎవరో లోపలికెళ్లారంట."

"ఎక్కడ కొన్నావే?"

"ఆన్‌లైన్‌లో. నిన్నడిగితే విసుక్కున్నావుగా..."

ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే పరుగు పెంచాడు.

నాలుగో గేటు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మిన సైట్ నడిపేది అతనూ, అందరూ 'గడ్డం' అని పిలిచే వాళ్ల బాసూ. బుకింగ్ తెరవగానే టికెట్లన్నీ ఊడ్చేసే ప్రోగ్రామ్ అతను రాసిందే. గడ్డానికి అది చాల్లేదు. నాలుగో గేటు టికెట్లు ఒక్కోటి ఎనభై మందికి అమ్మమన్నాడు. అమ్మాడు. నోరెత్తకుండా.

"వెనక్కొచ్చెయ్ చెల్లీ."

"ఎలా రాను? వెనకనుంచి తోస్తున్నారు... ఊపిరాడట్లేదు అన్నయ్యా."

బారికేడ్ ఎక్కాడు. అవతల ఇన్‌స్పెక్టర్.

"సార్, గేటు తియ్యండి. జనం నలిగిపోతున్నారు."

"టికెట్ దొరకనోళ్లందరిదీ ఇదే గోల. దిగు."

"వీళ్ల దగ్గరున్నవన్నీ డూప్లికేట్లు సార్. వేలల్లో ఉన్నాయి. ఇంకా వస్తారు."

"నీకెలా తెలుసు?"

ఫోన్‌లో చెల్లెలు దగ్గుతోంది.

"అమ్మింది నేనే సార్."

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. గేటు తియ్యమని సైగ చెయ్యడానికి చెయ్యెత్తాడు...

కానీ ఆ మాట బారికేడ్ కింద ఉన్నవాళ్ల చెవిన కూడా పడింది.

"వీడేరా మనల్ని ముంచింది!"

ఎవరి చేతికో అతని కాలర్ దొరికింది. ఎవడో జుట్టు పట్టి కిందికి లాగాడు. మాట నోటినోటా పాకింది. గుంపంతా ఇటు తిరిగింది. బారికేడ్ వంగిపోతోంది.

"తర్వాత చంపండి నన్ను. అక్కడ మా చెల్లెలుంది..."

వినే నాథుడు లేడు.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి నడుం దగ్గరికెళ్లింది.

"వద్దు సార్... కాల్చకండి. బెదిరిపోతారు..."

ఢాం!

గాల్లోకే కాల్చాడు.

జనం చెల్లాచెదురయ్యారు. అతన్ని వదిలేసి, ఒకరినొకరు తొక్కుకుంటూ, ఇంకా తెరవని గేటు వైపుకే పరుగు.

అతని చుట్టూ ఖాళీ. ఒంటి మీద ఎవరి చెయ్యీ లేదు. ఫోన్‌లో కాల్ ఇంకా నడుస్తోంది.

"చెల్లీ... పలకవే."

"అన్నయ్యా, పడిపోయా..."

ఆ తర్వాత అడుగుల చప్పుడు ఒక్కటే.