గనుల ట్యాంకులో దెబ్బలు

గఫ్సా పట్నం దాటాక వచ్చే మా ఫాస్ఫేట్ గనుల ఊరి చివర, మూతపడిన రైలు స్టేషన్ వెనక, ఒక ఇనప నీళ్లట్యాంకు ఉంది. పొద్దు కుంకాక అటు ఎవరూ పోరు. ఫ్రెంచివాళ్ల కాలంలో ఒక మేస్త్రీని కూలీలు పారలతో చావబాది అందులో పడేశారట. చీకటి పడగానే వాడు లోపల్నించి తల బాదుకుంటాడట...

ఠంగ్— ఠంగ్—

ఆ దెయ్యాన్ని లేకుండా చేసింది నేనే.

ఎనిమిదో క్లాసులో నన్ను బడి మాన్పించారు. తమ్ముడి పుస్తకాలు సొంతంగా చదువుకుని, వీధి పిల్లలకి సైన్సు చెప్తుంటాను. ఒకరోజు వాళ్ల ముందు పలచటి రేకు మూతని పొయ్యి మీద బాగా కాల్చి దించాను. చల్లారుతూ చల్లారుతూ... ఠప్‌మంది. పిల్లలు అదిరిపడ్డారు.

"ఇనుము వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. పగలంతా ఎండకి సాగిన ట్యాంకు రాత్రి ముడుచుకుంటూ చప్పుడు చేస్తుంది. అంతే. మేస్త్రీ లేడు, వాడి తలకాయా లేదు."

ఊరంతా నమ్మింది. కాఫీ కొట్టు దగ్గర మగాళ్లు "ప్రొఫెసరమ్మ వస్తోంది, లేచి నిలబడండ్రా" అని ఎగతాళి చేసేవాళ్లు. నాకు అదీ బాగానే ఉండేది.

ఫిబ్రవరిలో ముసురు పట్టిన రోజు, స్టేషన్ కాపలాదారు తిజానీ కనబడకుండా పోయాడు. అతని గదిలో ఒక చెప్పు, గోడంతా రక్తం. రాగితీగల దొంగలు ఎత్తుకుపోయారని పోలీసులు కొండల్లో వెతుకుతున్నారు.

ఆ రాత్రి తిజానీ వాళ్లమ్మ మబ్రూకా మా తలుపు తట్టింది. తడిసి ముద్దయింది.

"నజ్వా... ట్యాంకు మోగుతోందే."

"అది రోజూ మోగేదే కదా, పెద్దమ్మా."

"ఇది వేరేగా ఉంది. ఆగి... ఆగి కొడుతోంది. రోడ్డు మీంచి పిలిచాను, ఎవరూ పలకలేదు. ఒక్కదాన్నే దగ్గరికి పోలేను. మగాళ్లని రమ్మంటే, నజ్వాని అడిగి రా పో అన్నారు."

"ఇనుము ముడుచుకుంటోంది. పోయి పడుకో."

రెండో రాత్రీ వచ్చింది. నా కాళ్లు పట్టుకోబోయింది. విసుగొచ్చింది నాకు. "నీకు సైన్సు ఎలా చెప్పి చావను?" అన్నాను. ఆమె తలగుడ్డ సర్దుకుని వానలోకే వెళ్లిపోయింది.

మూడో రాత్రి వాన వెలిసింది. దీపం ముందు రాసుకుంటున్నాను. దూరంగా— ఠంగ్. చాలాసేపటికి— ఠంగ్.

మా వంటింటి కప్పూ రేకే. ఎండ కాసిన రోజు రాత్రి అదీ ఠప్ ఠప్‌మంటుంది. ఇప్పుడు కిక్కురుమనడం లేదు. అసలు మూడు రోజులుగా అది మోగనే లేదు...

ఎండే లేదు. సాగని ఇనుము ముడుచుకునేదేముంది?

గునపం తీసుకుని పరిగెత్తాను.

మబ్రూకా అప్పటికే అక్కడుంది. ట్యాంకు అడుగున, మనిషి దూరేంత తలుపుకి వేసిన తాళాన్ని రాయితో బాదుతోంది. వేళ్లు చితికిపోయి రక్తం కారుతోంది. నా వైపు చూడలేదు. పక్కకి జరిగింది, అంతే.

గునపంతో పొడిచాను. మళ్లీ పొడిచాను. తాళం ఊడింది.

తలుపు తీసి తల లోపలికి పెట్టాను. కుళ్లు కంపు. "తిజానీ..."

చీకట్లోంచి ఒక చెయ్యి నా జుట్టు పట్టి గుంజింది. ఏదో ఇనప ముక్క... నా నోటి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. మళ్లీ ఎత్తాడు—

"నేనురా, అమ్మని," అంది మబ్రూకా.

చెయ్యి ఆగింది. తిజానీ పాక్కుంటూ బయటికొచ్చాడు. దవడ పగిలి వేలాడుతోంది. అరవడానికి నోరెక్కడిది? ఆ దొంగలే తనని చంపడానికి మళ్లీ వచ్చారనుకున్నాడు.

మబ్రూకా కొడుక్కి తన శాలువా కప్పింది. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుంది. తలగుడ్డ కొసతో నా నోటి రక్తం తుడిచింది... మెల్లగా, కన్నతల్లిలా. చెవి దగ్గరికి వంగింది.

"ఇది వాడు అందులో పడున్న మొదటి రాత్రికి, బిడ్డా. ఇంకా రెండున్నాయి."