మాగని ఎరువు

పొద్దున్నే పెరట్లో పార చప్పుడు వినిపించకపోతే ఆ ఇంట్లో తెల్లారినట్టే కాదు. అక్క లేస్తూనే కోళ్ళ గూడు తలుపు తీస్తుంది. మేకలకు ఆకు వేస్తుంది. కింద పడిన పెంటంతా గంపలోకి ఊడ్చి కుప్ప మీద పోసి, పైన ఎండుటాకులు పరిచి, కాసిని నీళ్ళు చల్లుతుంది. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు నడుము విరిగేలా కూర్చునే మనిషికి పొద్దున్నే ఈ చాకిరీ ఏమిటని ఎవరైనా అంటే, "చాకిరీ అని ఎవరన్నారు? నాకదే సరదా" అని నవ్వేది. మొగుడితో పొసగక తమ్ముడి పంచన చేరిన ఆడదానికి తనదంటూ ఆ మాత్రమైనా ఉండొద్దూ!

కుప్పలు రెండు. గోడవార ఉన్నది బాగా మాగింది, గూటి పక్కది ఇంకా మాగనిది. రెండింటి మీదా ఆకులే కప్పి ఉంటాయి కాబట్టి చూసేవాళ్ళకు తేడా తెలీదు. అక్క మాత్రం లోపల్నించి పిడికెడు తీసి వాసన చూసి గానీ మొక్కల దగ్గరికి పోనివ్వదు. వెనకాలే తిరిగే మేనకోడలు చిట్టి కూడా ముక్కు ముందుకు చాచేది.

"అత్తా, ఇది అయిందా?"

"ఎక్కడే తల్లీ, ఇంకా ఘాటుగానే ఉంది. పచ్చి పెంటలో పురుగులుంటాయి, మన కంటికి కనపడవు. కుప్ప లోపల బాగా వేడెక్కాలి, తిరగేస్తూ ఉండాలి, ఉత్త మట్టి వాసన రావాలి. అప్పుడే మొక్కకి."

చిట్టి తల్లికి ఈ వ్యవహారమంతా ఒళ్ళుమంట. "ఇంటికి ఎవరొచ్చినా ముక్కు మూసుకుని కూర్చుంటున్నారు వదినా, నా తల కొట్టేసినట్టవుతోంది" అని సణిగేది. సణుగుతూనే ఆ పెరటి ఆకుకూర కోసుకొచ్చి వండేది. కంపు ముక్కుకే గానీ నాలుక్కి కాదుగా మరి!

ఇలా ఉండగా అక్కకు జ్వరం తగులుకుంది. మామూలు జ్వరం కాదు, మంచం దిగలేనంత. తమ్ముడు ఊరంతా తిరిగి వైరింగు పనులు చేసే ఎలక్ట్రీషియను, మనసు మంచిదే. అక్క పడుకుంటే పెరడు ఎండిపోతుందని బెంగపడి, భార్య పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిన రోజు పనికి వెళ్ళకుండా తనే పార పట్టాడు. అక్క లేచి చూసి మురిసిపోవాలనుకున్నాడు పాపం. చేతికి దగ్గరగా ఉన్న గూటి పక్క కుప్పలోంచి గంపలు నింపి, క్యారెట్ మడి నిండా వేర్ల దాకా కూరి, నీళ్ళు పెట్టాడు. వాసన చూడాలన్న సంగతే తట్టలేదు. కిటికీలోంచి పిలిస్తే పలికే దూరంలో అక్క మంచం. ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా?

ఆ తర్వాత కొన్నాళ్ళకు, అక్క ఇంకా మంచం దిగకముందే, చిట్టి క్యారెట్లు పీకి, గౌనుకు తుడుచుకుని, కరకరా నమిలేసింది. ఎప్పుడూ చేసే పనే. ఈసారి మాత్రం విరేచనాలు, వాంతులు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆస్పత్రిలో చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే ఆ పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్ళు తేలేసింది.

"పచ్చివి ఏమైనా తిందా? మట్టిలోంచి తీసినవి?" అని డాక్టరమ్మ అడిగింది.

"పెరట్లో క్యారెట్లు" అంది తల్లి.

"ఎరువేం వేస్తారు?"

"కోళ్ళదీ మేకలదీ."

"బాగా మాగకుండా వేసుంటారు. దాంతోనే ఈ ఇన్ఫెక్షన్. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీల దాకా పోయేది."

తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. గూటి పక్క కుప్పలోంచి తను నింపిన గంపలు గుర్తొచ్చాయి. నోరు తెరిచాడు. భార్య మొహం చూశాడు. మూసేశాడు.

పిల్ల గండం గట్టెక్కి ఇంటికొచ్చింది. గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే మొదలైంది గొడవ.

"చెబుతూనే ఉన్నానా? ఆ పెంట ఇంట్లో వద్దని మొత్తుకుంటూనే ఉన్నానా?" మరదలి గొంతు వీధి దాకా వినిపిస్తోంది. "నీకు పిల్లలుంటే తెలిసేది వదినా, నా కడుపుకోత!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. జ్వరం నుంచి ఇంకా పూర్తిగా కోలుకోని అక్క గోడ పట్టుకుని నిలబడింది. ఆ పొద్దున్నే మడి దగ్గరికి వెళ్ళి చూసిందామె. క్యారెట్ మొదళ్ళలో ఇంకా ఈకలు, మేక పెంటికలు కనిపిస్తూనే ఉన్నాయి. మడి అంచుల్లో ఎండిన బురదలో తమ్ముడి చెప్పుల అచ్చులున్నాయి. పార పట్టిందెవరో వేరే చెప్పాలా ఏమిటి?

"మడికి ఎరువెవరు వేశారు?" అని మెల్లగా అడిగింది. కళ్ళు మాత్రం తమ్ముడి మీదే.

తమ్ముడు చొక్కా గుండీ సర్దుకున్నాడు. "ఎవరేస్తారు? ఆ పనులన్నీ నువ్వేగా చూసుకునేది" అన్నాడు.

అంతే. అక్క వాడి మీంచి చూపు తిప్పేసుకుంది. నిజం బయటపెడితే ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఏం రేగుతుందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు వాడు చేసిన వెధవ పనులకు తను తిన్న తన్నులూ తెలుసు. అలవాటైన వీపే కదా అనుకుంది కాబోలు.

మరుసటి రోజు పొద్దున్నే మేకలనూ కోళ్ళనూ కొనుక్కుపోవడానికి మరదలు పిలిపించిన బండివాడొచ్చాడు. కోళ్ళ కాళ్ళు కట్టి గంపలో పడేశాడు. మేకలు కదలనని మొరాయిస్తే ఈడ్చుకుపోయాడు. తమ్ముడే ఒక చెయ్యి వేశాడు. అక్క బట్టల సంచీ పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఫ్యాక్టరీ పక్కనే తోటి పనివాళ్ళతో కలిసి ఉంటానంది. వద్దని ఎవరూ అనలేదు.

"చిట్టీ, ఇలా రా తల్లీ, ఒకసారి చూసుకుని పోతాను" అంది.

చిట్టి ఒక అడుగు వేసింది. అంతలోనే తల్లి మాట గుర్తొచ్చిందేమో, అమ్మ చీర వెనక్కి వెళ్ళి దాక్కుంది. "నువ్వు నాకు పాడు మట్టి పెట్టావంట" అంది. గొంతులో కోపం లేదు, భయం. అదే అక్క ప్రాణం తీసింది.

అక్క ఒక్కసారి తమ్ముడి వైపు చూసింది. ఇప్పుడైనా చెప్పరా అన్న చూపు. వాడు తల దించుకున్నాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

గేటు మూసుకున్న చప్పుడయ్యాక వాడు కూలబడ్డాడు. "నేనే" అన్నాడు. "ఏమిటి నేనే?" అంది భార్య. "మడికి పెంట వేసింది నేనే. తెలీక వేశాను. అక్క మంచం మీద ఉంది, అక్కకేం తెలీదు" అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

భార్య అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. "ఆస్పత్రిలో తెలుసా నీకు? నేను ఆ మాట అన్నప్పుడు తెలుసా? పిల్లల్లేరని నేను ఆమె మొహం మీద అంటుంటే, తెలిసి నిలబడ్డావా?" అంది. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

బస్సు ఆగేచోట అక్క ఒక్కతే నిలబడి ఉంది. మరదలు వచ్చి సంచీ పట్టుకుంది. ఏదో చెప్పబోయింది గానీ ఏడుపు తన్నుకొచ్చేసింది.

"తప్పయిపోయింది వదినా. నా నోరు పడిపోను, ఎంత మాటన్నాను!"

"నువ్వు తల్లివే పిచ్చిదానా. బిడ్డ చావు దాకా పోయొస్తే ఏ తల్లయినా అరుస్తుంది. నీ మీద నాకేం లేదు" అంటూ అక్క ఆమె కళ్ళు తుడిచింది.

వెనకాలే తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. "అక్కా, తెలీక చేశానే. నీకు సాయం చేద్దామనే..."

"ఎరువు తెలీక వేశావు. దానికి నిన్ను ఒక్క మాట కూడా అననురా" అంది అక్క. "మరి మాట? అది తెలిసే దాచావు. ఆ పసిది నన్ను చూసి దాక్కుంటే, చూస్తూ ఊరుకున్నావు."

వాడు కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది.

మరదలు చెయ్యి వదలకపోవడంతో ఇంటికైతే వచ్చింది. చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "అత్త కాదమ్మా, నాన్న తెలీక వేశాడు" అని తల్లే చెప్పింది. చిట్టి ఒకసారి నాన్న వైపు, ఒకసారి అత్త వైపు చూసి, మెల్లగా జారి వచ్చి అత్త మెడ చుట్టూ చేతులు వేసింది. అప్పుడు ఏడ్చింది అక్క. అన్నాళ్ళదీ ఒక్కసారే ఏడ్చింది.

మధ్యాహ్నం అందరికీ తనే వడ్డించింది. తమ్ముడి కంచంలోనూ అన్నం పెట్టింది, వాడికిష్టమని కూర ఇంకాస్త ఎక్కువే వేసింది. "అక్కా" అని పిలిచాడు వాడు. ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాడు ఆ అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు, ముద్ద దిగలేదు.