ఎడమకు ఒరిగిన ఓడ

రాయపూర్ స్టేషన్ రిఫ్రెష్‌మెంట్ రూంలో టీ తాగుతున్న మనిషి కప్పు పూర్తి చెయ్యకుండానే చచ్చిపోయాడు. టీలో పొటాషియం సయనైడ్. గుండెపోటని రాసుకుని పోలీసులు చేతులు దులుపుకున్నారు. పోయినవాడు ఏజెంట్ లెవెన్ అని తెలిసినవాళ్ళు దేశం మొత్తం మీద నలుగురైదుగురే.

వాళ్ళలో ఒకడు చీఫ్ సత్తిరాజు. నాగపూర్‌లో తన ఆఫీసు కిటికీ తెరలు దించి, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ భీమారావుకి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"బ్లాక్ సెయిల్ ముఠా. విదేశీ డబ్బు, విదేశీ బుర్ర. వచ్చే సోమవారం మధ్యాహ్నం ఒక స్నేహదేశపు వాణిజ్య ప్రతినిధులు స్పెషల్ ట్రెయిన్‌లో వాల్తేరు వెళ్తున్నారు. రాయపూర్‌లో కాసేపు హాల్టు. అక్కడ వాళ్ళ నాయకుణ్ణి లేపేస్తారు."

"ఎలా?"

"అది తెలిసినవాడే టీ తాగి పోయాడు."

"అక్కడ మన మనిషి?"

"మిస్ తార. ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్. చూస్తే కళ్ళు తిప్పుకోలేవు, జాగ్రత్త. కోడ్‌వర్డ్ రైలు బ్రేకుల భాషలో, 'వాక్యూం ఎంత?' జవాబు 'పద్దెనిమిది అంగుళాలు'. నువ్వు కొత్తగా బదిలీ మీద వచ్చిన టీ ఎక్స్ ఆర్‌వి, అంటే ట్రెయిన్ ఎగ్జామినర్‌వి. అక్కడ దానయ్య అని రిటైరైన క్యారేజ్ ఫిట్టర్ ఉన్నాడు. పాత రైలు సామానుతో పాతకాలపు వర్తకుల ఓడలకి నమూనాలు కడతాడు. స్టాఫ్ తరఫున ఆయన ఓడ నాయకుడికి బహూకరిస్తున్నారు. నాయకుడి దగ్గరగా వెళ్ళే బయటి మనిషి ఆయనొక్కడే. కనిపెట్టి ఉండు."

సత్తిరాజు చుట్ట ఆర్పి గొంతు తగ్గించాడు. "ఆయన కొడుకు సూరిబాబు సరుకుల ఓడలో ఖలాసీ. నలభై రెండులో టార్పెడో తగిలి ఆ ఓడ మునిగింది. ఒక్కడూ మిగల్లేదు. రహస్యంగా మందుగుండు మోస్తున్న ఓడ కనక అప్పటి ప్రభుత్వం ఇళ్ళకి చెప్పలేదు. మనమూ చెప్పం. టాప్ సీక్రెట్."

భీమారావు తలూపాడు. ఎందుకు చెప్పకూడదో మాత్రం అడగలేదు. అడిగేవాళ్ళకి ఈ డిపార్ట్‌మెంట్‌లో ప్రమోషన్లు రావు మరి!

దొంగ మీసం, ఖాకీ కోటు, సన్నటి కట్టర్ దాచిన టార్చిలైటు. ఈ సరంజామాతో భీమారావు దానయ్య ఇంటికి వెళ్ళేసరికి, ఆ ముసలాయన వసారాలో బోర్లా పడుకుని ఓడ కొన మీద ఒంటి కన్నుతో గురి చూస్తున్నాడు.

"కూకోండి బాబూ. ఓ పైడీ! టీ ఎక్స్ ఆర్ బాబొచ్చినారు, జల్దీ చాయ్ పెట్టు."

చాయ్ అనేసరికి భీమారావుకి ఏజెంట్ లెవెన్ గుర్తొచ్చాడు. కాని ఆయన భార్య పైడమ్మ అల్లం దంచి వేసిన చాయ్ వదిలిపెట్టడం ఎవడి తరం? తాగేశాడు.

ఓడ మూరెడు పొడవుంది. తుక్కులో పారేసిన బోగీ కిటికీల టేకు చెక్కతో పొట్ట చేశాడు. సిగ్నల్ తీగలు విప్పి తాళ్ళు పేనాడు. సీట్ల మీది పాత కాన్వాసు తెరచాపలైంది. బ్రేకు గేజీ పాత గొట్టం తెడ్డయింది.

"మా తాతలు కళింగపట్నం రేవులో పెద్ద ఓడలకి మేకులు కొట్టినోళ్ళు. నానేమో రైలు డబ్బాలకి కొట్టినాను," అన్నాడు దానయ్య. "అమ్మకానికి కాదు బాబూ. మా గుంటడు ఓడెక్కి ఎల్లిపోయినకాణ్ణించి కడతన్నాను. సేతులు కాళీగా ఉంటే బుర్ర ఊరుకోదు."

"ఏమైనా తెలిసిందా?" అడగకూడదనుకుంటూనే అడిగాడు భీమారావు.

దానయ్య మొహం చేటంత అయింది. "ఇన్నాళ్ళకి తెలిసింది! నావికుల సంగం నుంచి ఓ మేడం వచ్చింది. ఆ నాయకుడి దేశంలో జైల్లో ఉన్నాడట. తన కళ్ళతో సూసిందట. నా సేతుల్తో నానే ఆ దొరకి ఓడిచ్చి దండం పెట్టానంటే, ఒక్క మాటతో వొదిలేస్తాడట. ఇంకెవురి సేతికీ ఇయ్యొద్దంది."

పైడమ్మ గ్లాసు తీసుకుంటూ, "ఆడికి గోంగూర పచ్చడంటే ఇష్టం బాబూ. జాడీలో పెట్టీసినాను," అంది.

భీమారావు లేచాడు. ఆ వసారాలో ఇంకాసేపు కూర్చుంటే నిజం చెప్పేస్తానేమోనని భయం వేసింది. నావికుల సంఘం మేడం ఎవరన్నది అతనికి ఆ రాత్రే తట్టి ఉండాల్సింది. దుఃఖం ఆ వైపు చూడనివ్వలేదు.

మర్నాడు స్టేషన్ పుస్తకాల స్టాలు దగ్గర సెంటు వాసన గుప్పుమంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు.

"వాక్యూం ఎంత?"

"పద్దెనిమిది అంగుళాలు," అన్నాడు భీమారావు.

"బాంబు డైనింగ్ కార్‌లో. వంటగది గ్యాస్ సిలిండర్ల వెనక. రైలు ఆగాక పేలుతుంది."

"కచ్చితంగా?"

"నా ప్రాణం పణంగా పెట్టి తెచ్చిన మాట మిస్టర్!" అని మిస్ తార నవ్వింది. ఆ నవ్వు చూసి చాలామంది చాలా నమ్మారు. మన భీమారావూ నమ్మాడు.

సోమవారం మధ్యాహ్నం స్పెషల్ వచ్చి ఆగింది. బ్యాండు మోగింది. భీమారావు నలుగురు మఫ్టీ పోలీసులతో డైనింగ్ కార్‌లో జొరబడి సిలిండర్లు లాగాడు, పిండి డబ్బాలు బోర్లించాడు, వంటవాడి చేత తిట్లు తిన్నాడు. బాంబు లేదు, దాని బాబూ లేడు. చెమటలు కక్కుతూ ప్లాట్‌ఫారం మీదికి దూకాడు.

ఎర్ర తివాచీ చివర దానయ్య ఓడని గుండెలకి హత్తుకుని నించున్నాడు. ఉతికిన ధోవతి, పాత రైల్వే కోటు. పక్కన పైడమ్మ హారతి పళ్ళెంతో ఉంది. దానయ్య మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"ఏం దానయ్య గారూ, అలా ఉన్నారేం?"

"ఎవురికీ సెప్పకండి బాబూ. నా సెయ్యి తప్పింది," అన్నాడు దానయ్య గుసగుసగా. "రైలు కదిలే ముందు బ్రేకు సూస్తాం గదా, అలగే నా ఓడ గడప దాటే ముందు తొట్లో తేల్చి సూస్తాను. నిన్న సాయంత్రం బిల్కుల్ సీదాగా తేలింది. ఇవాళ పొద్దున్నేమో ఎడం పక్కకి ఒరిగిపోయింది. సిగ్గేసింది బాబూ. వేగన్లకేసే సీసం సీళ్ళు నాలుగు కుడి పక్కని అంటించి సరిచేసీసినాను."

భీమారావు ఓడ వంక చూశాడు.

"రాత్రి ఓడ ఎక్కడుంది?"

"మేడం కాడ. సర్కారీ చెకింగని తీసుకెళ్ళి తెల్లారి ఇచ్చింది."

భీమారావు వంగి ఓడకి చెవి ఆనించాడు. లోపల, చెవి ఆనిస్తే గాని వినపడనంత మెల్లగా, టిక్, టిక్, టిక్. ఎడమ పక్క బాంబు పెడితే, ఈ పిచ్చి మారాజు దానికి సరితూగేలా కుడి పక్క సీసం పెట్టాడు!

"దానయ్య గారూ, ఇందులో బాంబుంది. ఇటివ్వండి."

దానయ్య ఒక్కడుగు వెనక్కి వేశాడు. "నానియ్యను. ఇలగే ఎవుడో వొచ్చి అడ్డం పడతాడని మేడం ముందే సెప్పింది."

"మీరూ పోతారు! పైడమ్మ గారూ పోతారు!"

"ఇయ్యనంటే ఇయ్యను! నా గుంటడు రావాల!"

సెలూన్ పెట్టె తలుపు తెరుచుకుంది. నాయకుడు చేతులు జోడించి నవ్వుతూ మెట్టు దిగాడు. భీమారావు ఓడ మీద చెయ్యి వేశాడు. లాగితే? కుదుపుకే పేలితే? ముప్ఫై ఏళ్ళు ఇనుముతో పెనుగులాడిన చేతులవి, ఊడి రావు. వదిలించే మాట ఒక్కటే ఉంది. ఆ మాట అనడం కంటే బాంబుని పేలనివ్వడమే నయమని అతనికి ఒక క్షణం అనిపించింది కూడా.

"దానయ్య గారూ, సూరిబాబు లేడు."

"జైల్లో..."

"ఏ జైల్లోనూ లేడు. నలభై రెండులోనే ఆ ఓడ మునిగిపోయింది. నేను ప్రభుత్వం మనిషిని. మాకు తెలుసు. తెలిసీ మీకు చెప్పలేదు."

బ్యాండు మోగుతూనే ఉంది. పైడమ్మ హారతి పళ్ళెం మెల్లగా కింద పెట్టి, తనూ నేల మీద కూలబడింది. దానయ్య ఆమె వంక చూశాడు, భీమారావు వంక చూశాడు. చేతులు వాటంతటవే వదులయ్యాయి.

భీమారావు ఓడని ఒడిసిపట్టి తివాచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి అడుగు తిప్పి కట్టర్ తీశాడు. టేకు పలకలు పెళపెళా విరిగాయి. కాన్వాసు చిరిగింది. లోపల గడియారం ముల్లు గుర్తుని ముట్టుకోబోతోంది. రెండు తీగలు. ఎర్రదాన్ని కత్తిరించాడు.

టిక్ ఆగిపోయింది.

నాయకుడి కంటికి కనిపించిందల్లా విరిగిన బొమ్మ మీద వంగిన ఒక రైల్వే ఉద్యోగి. "అయ్యో పాపం!" అన్నట్టు తలాడించి, చెయ్యి ఊపి, రైలెక్కాడు. స్పెషల్ టైముకే కదిలింది.

ఓవర్‌బ్రిడ్జి కింద ఆ మేడంని, అంటే మిస్ తారని, పట్టుకుని బేడీలు వేశారు. ముఠా పేర్లన్నీ ఆ సాయంత్రంలోగా బయటికొస్తాయి. ఆమెని నడిపించుకుని వస్తుంటే దానయ్య ఎదురెళ్ళాడు. భీమారావు ఆపబోయాడు గాని, ఆయన కొట్టడానికి వెళ్ళలేదు. చేతులు జోడించాడు.

"అమ్మా, నన్ను సంపాలనుకున్నావు, పర్లేదు. నువ్వు ఆణ్ణి సూసినానన్నావు గదా? బక్కగున్నాడన్నావు, నవ్వితే బుగ్గన సొట్ట పడతాదన్నావు. ఒక్కపాలి ఆ మాట మల్లీ సెప్పమ్మా."

అబద్ధం చెప్పమ్మా తల్లీ, చెప్పు, అని భీమారావు లోలోపల మొక్కుకున్నాడు. ఇన్ని అబద్ధాలాడిన నోటికి ఇంకొక్కటి బరువా?

తార కళ్ళద్దాలు తీసింది. ముసలాయన మొహంలోకి చూడలేకపోయింది. "చూడలేదు తాతా," అంది. ఖర్మ కాకపోతే, పుట్టి బుద్ధెరిగాక ఆమె నిజం చెప్పడం అదే మొదలు.

దానయ్య వెనక్కి వచ్చి పైడమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఏ సముద్రం బాబూ?" అని అడిగాడు.

"బంగాళాఖాతం. మన తీరానికి మరీ దూరం కాదు."

"మన నీళ్ళే," అన్నాడు దానయ్య భార్యతో. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భీమారావు విరిగిన పలకలు ఒక్కొక్కటే ఏరి ఆయన ఒళ్ళో పెట్టాడు. అంతకు మించి ఏం చెయ్యాలో అతనికి ఏ ట్రెయినింగులోనూ నేర్పలేదు.

స్టేషన్ మాస్టర్ గదిలో ట్రంక్ కాల్ మోగింది.

"శభాష్!" సత్తిరాజు గొంతు గరగరలాడింది. "ప్రాణనష్టం?"

"లేదు సార్."

"మరి ఆ టాప్ సీక్రెట్ లీకైందని విన్నాను. నిజమేనా? ఎవరికి?"

భీమారావు దొంగ మీసం పీకి బల్ల మీద పడేశాడు.

"కన్నవాళ్ళకి సార్. పన్నెండేళ్ళు లేటుగా!"